తాడు లాగలేకపోతున్నాను, బ్యాటరీ మిషన్ కొనమంటారా?

ప్రశ్న: మా ఇల్లు కర్నూలు శివార్లలో, నంద్యాల రోడ్డు వైపు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా చేసి పదవీ విరమణ పొందాను. వయసు 66. ఇంటి ముందు నాలుగు సెంట్ల లాన్ ఉంది. తొమ్మిదేళ్ల కిందట కొన్న పెట్రోలు లాన్ మోవర్‌తో పదిహేను రోజులకొకసారి గడ్డి కోయిస్తున్నాను. తోటమాలి రానప్పుడు నేనే కోస్తాను. ఈ మధ్య అది స్టార్ట్ కావాలంటే ఇరవైసార్లు తాడు లాగాల్సి వస్తోంది, కుడి భుజం పట్టేసింది. శబ్దం గురించి పక్కింటివారు ఇప్పటికే నొచ్చుకున్నారు. శాన్‌హోసేలో ఉన్న మా అబ్బాయి, "ఇక్కడ కాలిఫోర్నియాలో పెట్రోలు మిషన్లను నిషేధించారు, అందరూ బ్యాటరీవే వాడుతున్నారు, సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒకటి తెస్తాను" అంటున్నాడు. తోటమాలి మాత్రం, "అవి ఆటబొమ్మలు సార్, మన గడ్డికి ఆగవు" అంటున్నాడు. మన ఎండలకు బ్యాటరీ నిలుస్తుందా? డబ్బు మిగులుతుందా? అబ్బాయిని తెమ్మనాలా, ఇక్కడే కొనాలా? పాత మిషన్‌ను ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, కర్నూలు

సమాధానం:

మాస్టారు గారూ, నమస్కారం.

అబ్బాయి పెట్టెలు సర్దుకోకముందే ఫోను చేసి, ఆ మిషన్ తేవద్దని చెప్పండి. తెద్దామన్నా విమానం ఎక్కనివ్వరు. ప్రయాణికులు వెంట తీసుకెళ్లే లిథియం బ్యాటరీలకు ఒక హద్దు ఉంది, దాన్ని వాట్-అవర్లలో, అంటే బ్యాటరీలో ఎంత శక్తి పడుతుందన్న లెక్కలో, కొలుస్తారు. నూరు లోపువాటికి ఇబ్బంది లేదు. 100 నుంచి 160 దాకా ఉన్నవాటికి విమాన సంస్థ అనుమతి కావాలి. 160 దాటితే చేతి సంచిలోనూ కుదరదు, లగేజీ పెట్టెలోనూ కుదరదు. మోవర్ బ్యాటరీ ఎంతదో తెలుసుకోవడానికి దాని వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే చాలు. అమెరికాలో పెట్టె మీద 40 వోల్టులని వేస్తారు గానీ, అది నిండా ఛార్జి అయినప్పుడు కాసేపు కనిపించే అంకె. పనిలో ఉన్నప్పటి లెక్క 36. అయిదు ఆంపియర్-అవర్లదైతే 36ను 5తో గుణించండి, 180 వస్తుంది. మోవర్లకు మామూలుగా వాడే బ్యాటరీయే హద్దు దాటేసింది. అరవై, ఎనభై వోల్టులవాటి సంగతి చెప్పనక్కర్లేదు.

పోనీ బ్యాటరీ లేకుండా ఒట్టి మిషన్ తెచ్చి, బ్యాటరీ ఇక్కడ కొందామా అంటే, ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషన్‌లో కూర్చోదు. ఒకే కంపెనీ అయినా అక్కడ అమ్మే రకం ఇక్కడ అమ్మకపోవచ్చు. ఛార్జర్ మరో తలనొప్పి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ఫోను ఛార్జర్లు రెండింటికీ సరిపోయేలా వస్తాయి కాబట్టి అన్నీ అంతే అనుకుంటాం. పెద్ద పనిముట్ల ఛార్జర్లు చాలావరకు అలా రావు. మన ప్లగ్గులో పెట్టిన క్షణంలో ఆ ఛార్జర్ పని అయిపోతుంది. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు, నిజమే. కానీ నాలుగైదేళ్ల తర్వాత బ్యాటరీ మార్చాల్సి వచ్చినప్పుడు మళ్లీ అమెరికా వైపే చూడాలి.

కాలిఫోర్నియా నిషేధం మాట సగం నిజం. అక్కడ 2021లో చట్టం చేశారు. 2024 జనవరి 1 నుంచి కొత్తగా తయారయ్యే చిన్న ఇంజన్లు, అంటే లాన్ మోవర్లు, ఆకులు ఊదే బ్లోయర్ల వంటివి, పొగ లేనివై ఉండాలన్నారు. పాతవి వాడుకునేవారిని ఎవరూ ఏమీ అనరు. ఇంత చిన్న ఇంజన్ మీద అంత కోపమెందుకంటే, దానికి కార్లకున్నట్టు పొగను శుద్ధి చేసే ఏర్పాట్లేవీ దాదాపు ఉండవు. కూలికి లాన్‌లు కోసేవారు వాడే పెద్ద మోవర్ ఒక గంట నడిస్తే, కొత్త కారు సుమారు 480 కిలోమీటర్లు తిరిగినంత పొగమంచు కాలుష్యం వెలువడుతుందని ఆ రాష్ట్ర వాయు వనరుల మండలి లెక్కగట్టింది. మన దగ్గర అలాంటి నిషేధం లేదు కాబట్టి మీరు ఎవరికీ భయపడి మార్చనక్కర్లేదు. ఇంకో తేడా కూడా గుర్తుంచుకోండి. శాన్‌హోసేలో నడి వేసవిలో సైతం పగటి వేడి సగటున 30 డిగ్రీల లోపే. అక్కడ బ్యాటరీ బాగా నిలిచిందంటే కర్నూలు మే నెలలోనూ నిలుస్తుందని కాదు. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను. మీ ఉత్తరంలోని ప్రశ్నలన్నిటిలో అదే అసలైనది.

ముందు మీ పాత మిషన్ గురించి. తొమ్మిదేళ్ల ఇంజన్ ఇరవైసార్లు లాగితే గానీ లేవడం లేదంటే నా అనుమానం ఇంజన్ మీద కాదు, ట్యాంకులోని పెట్రోలు మీద. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీరూ ఇథనాలూ పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కు చేరతాయి. పాతకాలపు రబ్బరు గొట్టాలకు, వాషర్లకు కూడా ఇథనాల్ పడదు. రోజూ నడిచే స్కూటర్‌కు దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు, పోసిన పెట్రోలు వారంలో కాలిపోతుంది. మీ మిషన్ పదిహేను రోజులకొకసారి, వేసవిలో అయితే నెలల తరబడి మూలన ఉంటుంది. కార్బొరేటర్ కింది గిన్నె విప్పి చూడండి. అడుగున తేనెరంగు జిగురు అంటుకుని, చీపురుపుల్లంత సందు కూడా లేని ఇత్తడి జెట్టు రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. గిన్నెను, జెట్టును కడిగి, స్పార్క్ ప్లగ్గు మార్చి, తాజా పెట్రోలు పోస్తే మూడు నాలుగు లాగుళ్లకు లేచే అవకాశం చాలా ఉంది. కొత్తది కొనాలనుకున్నా ఈ పని చేయించండి. మెకానిక్‌కు కొన్ని వందలు ఖర్చవుతాయి గానీ, నడిచే మిషన్‌కు వచ్చే ధర మొరాయించే మిషన్‌కు రాదు.

ఆ మరమ్మతుతోనే మీ భుజం కుదుటపడి, పక్కింటివారితో పేచీ కూడా లేకపోయి ఉంటే, ఇంకో రెండేళ్లు దానితోనే గడపమని చెప్పేవాణ్ణి. ఎందుకంటే డబ్బు మిగలడం కోసమైతే ఈ మార్పు దండగ. లెక్క చూడండి. మీ నాలుగు సెంట్లు కోయడానికి ఇరవై నిమిషాలు. ఆ తరహా ఇంజన్ గంటకు సుమారు లీటరు తాగుతుంది కాబట్టి ఒక కోతకు ముప్పావు గ్లాసో, గ్లాసుడో, 300 మిల్లీలీటర్ల పెట్రోలు. లీటరు 110 రూపాయలు వేసుకుంటే 33 రూపాయలు. ఏడాదికి పాతిక కోతలైతే 825 రూపాయలు. బ్యాటరీది ఒక కోతకు యూనిట్‌లో అయిదో వంతు కరెంటు తీసుకుంటుంది. యూనిట్ తొమ్మిది రూపాయలనుకున్నా రెండు రూపాయల లోపే, ఏడాదికి యాభై. మిగిలేది ఎనిమిది వందల లోపు. ఇంజనాయిలు, ప్లగ్గు, ఫిల్టరు, మెకానిక్ రాకపోకలు కలిపినా కొత్త మిషన్ ధర ముందు అది ఏ మూలకూ రాదు. మిషన్ ధరలో పెద్ద భాగం బ్యాటరీదే. దాన్ని మార్చాల్సిన రోజున అప్పటిదాకా మిగిలిందంతా అక్కడే ఖర్చయిపోతుంది. అమ్మేవాళ్లు "పెట్రోలు ఖర్చు సున్నా" అని చెప్పే మాట పెద్ద మైదానాలున్న కాలేజీలకు వర్తిస్తుంది గానీ మీకు కాదు.

అయినా మిమ్మల్ని కొనమనే అంటాను. దానికి కారణం మీ భుజం. 66 ఏళ్ల వయసులో పట్టేసిన భుజంతో తాడు లాగడం మూడుసార్లయినా ముప్పే. బ్యాటరీ మిషన్‌కు తాడు ఉండదు. తాళంచెవి పెట్టి, మీట నొక్కి పట్టుకుంటే తిరుగుతుంది, వదిలితే ఆగిపోతుంది. బరువు కూడా తక్కువ. ఇక శబ్దం. పెట్రోలు మోవర్ తోసేవారి చెవి దగ్గర మోత 90 డెసిబెళ్ల దాకా ఉంటుంది. బ్యాటరీది రకాన్ని బట్టి ఏడెనిమిది నుంచి పదిహేను డెసిబెళ్ల వరకు తక్కువ. పది డెసిబెళ్లు తగ్గితే చెవికి మోత సగమైనట్టు అనిపిస్తుంది. అలాగని నిశ్శబ్దంగా ఉంటుందనుకోకండి, బ్లేడు గాలిని కోసే హోరు ఎలాగూ ఉంటుంది. ఆదివారం తెల్లవారకముందే మొదలుపెడితే పక్కింటివారు మళ్లీ నొచ్చుకుంటారు.

ఇక తోటమాలి మాట. అతన్ని కొట్టిపారేయకండి. అతను చూసిన బ్యాటరీ మిషన్లు ఏవో, ఎంత గడ్డిలోకి తోశాడో మనకు తెలియదు. పదిహేను రోజులకొక కోత అనే అలవాటు పెట్రోలు ఇంజన్‌ను బట్టి పడింది. వానాకాలంలో, జులై చివరి నుంచి అక్టోబరు దాకా, మన గరిక రెండు వారాల్లో పాదం మునిగేంత పెరుగుతుంది. పెట్రోలు మోవర్ మూలుగుతూనే దాన్ని నమిలేస్తుంది. బ్యాటరీది అలా చేయదు. దట్టమైన తడి గడ్డి కింద ఇరుక్కుంటే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఒక హద్దు దాటగానే లోపలి రక్షణ సర్క్యూటు దాన్ని ఆపేస్తుంది. చూసినవాళ్లు "చూశారా, ఆగిపోయింది" అంటారు. మోటారు కాలిపోకుండా ఆగింది, అంతే. రెండు క్షణాలు ఆగి, గడ్డి దులిపి, మళ్లీ మీట నొక్కితే నడుస్తుంది. కానీ ప్రతి పది అడుగులకూ ఇదే పని అయితే తోటమాలి దాన్ని షెడ్డులోకి నెట్టి, భుజాన తగిలించుకుని గడ్డి నరికే తన బ్రష్ కట్టర్ తెచ్చుకుంటాడు. అతన్ని తప్పు పట్టలేం.

కాబట్టి వానలు పడే నెలల్లో వారానికొకసారి కోయించాలి. గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి ఒక్కసారిగా తీయకూడదన్నది పచ్చిక పెంచేవాళ్లంతా పాటించే పద్ధతి. నాలుగు సెంటీమీటర్ల ఎత్తున ఉంచాలనుకుంటే ఆరుకు రాగానే కోయాలి. ఊరెళ్లి వచ్చేసరికి బాగా పెరిగిపోతే చక్రాల దగ్గరి మీటను పై గాడిలో పెట్టి ఒకసారి, రెండు రోజులాగి కింది గాడిలో పెట్టి ఇంకోసారి కోయండి. ఈ రెండో కోతకు పది నిమిషాలు చాలు. వారం వారం రమ్మంటే తోటమాలికి కూలి లెక్క మారుతుంది. మిషన్ కొనే ముందే ఆ మాట అతనితో తేల్చుకోండి. ఒక ఆదివారం అతన్నే దుకాణానికి వెంటబెట్టుకెళ్లి హ్యాండిల్ పట్టుకుని చూడమనండి. అతని చేతికి నచ్చకపోతే మీరెంత మంచిది కొన్నా నడవదు.

మీ లాన్‌కు ఎంత బ్యాటరీ కావాలి? నాలుగు సెంట్లంటే సుమారు 160 చదరపు మీటర్లు. పద్నాలుగు అంగుళాల బ్లేడున్న మిషన్‌తో, ఒక వరస మీద ఇంకో వరస కాస్త ఎక్కేలా తోస్తూ పోతే, అర కిలోమీటరుకు కొంచెం ఎక్కువ నడక. మామూలు నడకలో పది పదకొండు నిమిషాలు, మలుపులకు, గడ్డి సంచి ఖాళీ చేయడానికి ఇంకో పది. సాధారణంగా ఉన్న గడ్డిలో 180 వాట్-అవర్ల బ్యాటరీ ఇరవై నిమిషాలు అటూ ఇటుగా లాక్కొస్తుంది, వానాకాలంలో తగ్గుతుంది. కాబట్టి 36 వోల్టుల తరగతి, బ్రష్‌లెస్ మోటారు (లోపల రాసుకుని అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు లేనిది), అయిదు ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఒకటి, లేదా చిన్నవి రెండు. నన్నడిగితే రెండు చిన్నవే మేలు. ఒకటి ఛార్జింగ్‌లో ఉండగా ఇంకోదానితో పని సాగుతుంది, ఒకటి పాడైనా ఆ రోజు కోత ఆగదు. 18 వోల్టుల బ్యాటరీ ఒక్కదానితో నడిచే బుల్లి మోవర్ల జోలికి పోకండి. మీ తోటమాలి ఆటబొమ్మ అన్నది వాటినే అయితే నేనూ అతని పక్షమే.

ఇప్పుడు ఎండ సంగతి. మిషన్ కొంటున్నామని అనుకుంటాం గానీ, కర్నూల్లో మీరు కొనేది బ్యాటరీనే. మోటారు, బ్లేడు, చక్రాలు పదేళ్లు ఉంటాయి. బ్యాటరీ మూడేళ్లకే చతికిలబడుతుందా, ఏడేళ్లు వస్తుందా అన్నది మే నెలలో మీరు దాన్ని ఎక్కడ పెడతారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. లిథియం బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయకూడదు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర నీడలోనే 42, 43 ఉంటుంది. మేడ మీది రేకుల షెడ్డులోనో, మోటారు గదిలోనో మధ్యాహ్నం యాభై దాటుతుంది. ఎండలో తలుపులు మూసి నిలిపిన కారులో ఇంకా ఎక్కువ. మిషన్‌ను పెట్రోలుదానిలాగే షెడ్డులో నిలిపేసి, బ్యాటరీని కూడా దానికే తగిలించి వదిలేస్తే, వాడకపోయినా లోపల అరుగుతూనే ఉంటుంది.

అరుగుదలకు ఒక్క వేడే కారణం కాదు, ఎంత ఛార్జి ఉందన్నది కూడా ముఖ్యమే. నిండా ఛార్జి అయిన లిథియం బ్యాటరీని 40 డిగ్రీల వేడిలో ఏడాది పాటు ఉంచితే దాని శక్తిలో మూడో వంతు దాకా తిరిగి రాకుండా పోవచ్చు. సగం కన్నా కాస్త తక్కువ ఛార్జితో అదే వేడిలో ఉంచితే ఆ నష్టం సగానికి పైగా తగ్గుతుంది. "ఎప్పుడు అవసరమవుతుందో, నిండుగా పెట్టి ఉంచుదాం" అనే జాగ్రత్తపరులే ఇక్కడ ఎక్కువ నష్టపోతారు. మాస్టార్లు జాగ్రత్తపరులు కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

మన వాతావరణంలో దీనికి ఒక మెలిక కూడా ఉంది. వేసవిలో గరిక పెద్దగా పెరగదు. నీళ్లు తగ్గిస్తే పండుబారి పడుకుంటుంది, తొలకరి పడగానే లేస్తుంది. అంటే మిషన్‌కు పని లేని రోజులూ, బ్యాటరీకి గండమైన రోజులూ ఒకటే. మార్చి చివర్లో ఆఖరి కోత అయ్యాక బ్యాటరీ మీది బటన్ నొక్కి చూడండి. నాలుగు దీపాల్లో రెండు వెలిగితే సరిగ్గా సరిపోయింది. దాన్ని ఊడదీసి, గుడ్డతో తుడిచి, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో, కింది అరలో పెట్టండి. వంటగది వద్దు, ఇన్వర్టర్ పక్కన వద్దు, పడమటి గోడకు ఉన్న అలమారా వద్దు. ఫ్రిజ్‌లో పెడతామనేవాళ్లు ఉన్నారు, అదీ వద్దు. బయటికి తీసినప్పుడు చెమ్మ పడుతుంది. నెలకోసారి బటన్ నొక్కి, ఒక్క దీపమే వెలుగుతుంటే పావుగంట ఛార్జి పెట్టి మళ్లీ అరలో పెట్టేయండి. పూర్తిగా సున్నాకు జారిపోయిన బ్యాటరీని కొన్ని ఛార్జర్లు ఇక గుర్తించవు.

వేసవిలో కోయక తప్పని రోజున పొద్దున ఏడు గంటలకే ముగించండి. పని చేసి వచ్చిన బ్యాటరీ చేతికి వెచ్చగా తగులుతుంది. బయట 35 ఉంటే లోపలి సెల్లులు 50కి దగ్గర్లో ఉండవచ్చు. వెంటనే ఛార్జర్‌లో పెడితే ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటుంది. పాడైందని కంగారుపడకండి, చల్లారేదాకా ఆగమని దాని అర్థం. ఫ్యాను కింద ఒక గంట పెట్టి, రాత్రి పడుకోబోయే ముందు కాకుండా మీరు మెలకువగా ఉన్న వేళలో, గట్టు మీదో నాపరాయి మీదో ఉంచి ఛార్జి చేయండి. పరుపు మీద, సోఫా మీద ఎప్పుడూ పెట్టవద్దు. ఉబ్బినట్టు కనిపించినా, కిందపడి పగుళ్లిచ్చినా ఆ బ్యాటరీని ఇక వాడకండి.

నాపరాయి అన్నాను కాబట్టి ఇంకో మాట. మన ఊరి ఇళ్లలో లాన్ చుట్టూ, మధ్యలో బాటకూ బేతంచెర్ల నాపరాళ్లు పరవడం మామూలే. ఆ రాళ్ల అంచు గడ్డి మట్టం కన్నా ఒక వేలు పైకి ఉంటే బ్లేడుకు తగులుతూనే ఉంటుంది. పెట్రోలు ఇంజన్‌కు బలమెక్కువ కాబట్టి మొద్దుబారిన బ్లేడుతోనూ గడ్డిని చింపుకుంటూ పోతుంది, మీకు తెలియదు. కోసిన మర్నాడు గడ్డి కొసలు తెల్లగా పీచుపీచుగా కనిపిస్తే బ్లేడు మొద్దుబారినట్టే. బ్యాటరీ మిషన్‌లో ఆ భారమంతా ఛార్జి మీద పడుతుంది, ఇరవై నిమిషాలు రావాల్సింది పన్నెండుకే అయిపోతుంది. సీజనుకు రెండుసార్లు బ్లేడు విప్పి ఆకురాయితో పదును పెట్టించండి. పెట్టించాక బ్లేడు మధ్య రంధ్రాన్ని గోడకు కొట్టిన మేకుకు తగిలించి చూడాలి. ఒక కొస కిందికి వాలితే అటువైపు ఇంకొంచెం రాయాలి. సమంగా నిలవని బ్లేడు మోటారు బేరింగులను తినేస్తుంది. ఇదంతా చేసే ముందు బ్యాటరీని, తాళంచెవిని తీసి జేబులో వేసుకోండి. చప్పుడు లేదు కదా అని కింద చెయ్యి పెట్టే ప్రమాదం వీటితోనే ఎక్కువ. అడుగున అంటుకున్న గడ్డిని పైపుతో కడగవద్దు, ఎండాక కర్రతోనో బ్రష్‌తోనో గీకేయండి.

వైరుతో నడిచే కరెంటు మోవర్ గురించి మీరు అడగలేదు గానీ చెప్పకపోతే తప్పవుతుంది. నాలుగు సెంట్లకు అన్నిటికన్నా చవక అదే. బ్యాటరీ లేదు కాబట్టి ఎండ బెంగ కూడా లేదు. అయితే వైరును భుజాన వేసుకుని, బ్లేడు కిందికి రాకుండా చూసుకుంటూ తిరగాలి. మీ లాన్‌లో చెట్లు, పూలమడులు ఉంటే చికాకు. తీసుకుంటే మాత్రం 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు) ఉన్న లైను నుంచే, మందపాటి వైరుతో నడపండి, తడి గడ్డిలో వద్దు. తోటమాలి మీద వదిలేసే ఇంట్లో నేను దీన్ని సిఫారసు చేయను. కరెంటూ మోటారూ లేని, చేత్తో నెట్టే రకం కూడా ఇంకా దొరుకుతోంది. 1830లో ఇంగ్లండులోని స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడింగ్ మొట్టమొదట తయారుచేసిన లాన్ మోవర్ ఆ తరహాదే. పొట్టి గడ్డిని కత్తెరలా చక్కగా కోస్తుంది. కానీ తోయాల్సిన బలమంతా మీ భుజానిదే.

అన్నట్టు, నాలుగు సెంట్ల లాన్ మీద నాకొక అభ్యంతరం ఉంది, మనసులో దాచుకోలేను. నడి వేసవిలో దాన్ని పచ్చగా నిలపాలంటే రోజుకు నాలుగైదు మిల్లీమీటర్ల నీరు కావాలి, అంటే మీ విస్తీర్ణానికి 650 నుంచి 800 లీటర్లు. ఏడాదంతా కలిపి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన పడే ఊళ్లో అది చాలా ఎక్కువ. వీధి వైపు రెండు సెంట్లు ఉంచుకుని, మిగతా సగంలో వేపో, కానుగో, సీతాఫలమో వేస్తే మీకు నీడ, తోటమాలికి సగం పని, ఒక్క చిన్న బ్యాటరీతో కోత. మనవలు ఆడుకోవడానికి ఉంచానంటే ఇక మాట్లాడను.

ఎక్కడ కొనాలంటే, విడి బ్యాటరీ, బ్లేడు ఇక్కడ తెప్పించి ఇవ్వగల దుకాణంలోనే. ఇంటర్నెట్‌లో రెండు వేలు తక్కువకు వచ్చిందని కొని, సర్వీసు కోసం 200 కిలోమీటర్లు దాటి హైదరాబాదు మోసుకెళ్లడం మీ వయసులో పని కాదు. కర్నూల్లో వ్యవసాయ పరికరాలు, బ్రష్ కట్టర్లు అమ్మే దుకాణాల్లో కనుక్కోండి. డబ్బు కట్టే ముందు మిషన్‌కు ఎన్నేళ్ల వారంటీ, బ్యాటరీకి ఎన్నేళ్లు అని విడివిడిగా అడగండి, రెండూ ఒకటి కాదు. విడి బ్యాటరీ ధర ఇవాళ ఎంతో బిల్లు వెనకే రాయించుకోండి. ఆ ధర వాళ్లకు తెలియదంటే తెప్పించే అలవాటు లేదని అర్థం, ఇంకో దుకాణం చూసుకోండి. కొనడానికి మంచి సమయం జూన్. సంక్రాంతికి కొంటే రెండు నెలలు వాడి వేసవంతా మూలన పెడతారు, వారంటీలో ఆ నెలలు ఊరికే పోతాయి.

పాత మిషన్‌ను వెంటనే అమ్మకండి. కొత్తది వచ్చాక మొదటి వానాకాలం గడిచేదాకా ఉంచి, గడ్డి బాగా పెరిగిపోయినప్పుడు తోటమాలికి దాన్నే ఇవ్వండి. నవంబరుకల్లా అది కావాలో వద్దో మీకే తెలుస్తుంది. వద్దనుకుంటే నర్సరీలవాళ్లను అడగండి. నడుస్తున్న పెట్రోలు మోవర్‌ను, కాస్త తక్కువకైనా, వాళ్లు తీసుకుంటారు. ఉంచుకునేట్టయితే ప్రతిసారీ ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపి కార్బొరేటర్‌ను ఎండబెట్టండి. తీసిన ఇంజనాయిలును కాలవలో పోయించకండి, మెకానిక్ షెడ్డువాళ్లు డబ్బాలో పట్టి ఉంచుతారు, వాళ్లకివ్వండి. కొత్త మిషన్ బ్యాటరీ కాలం తీరినప్పుడు దాన్ని పాత సామాన్లవాడి బండిలో వేయవద్దు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారీదారుదే. కాబట్టి కొన్న దుకాణానికే తీసుకెళ్లి ఇచ్చేయండి. దానికోసం ఆ బిల్లును, వారంటీ కార్డును మిషన్ పెట్టెలో కాకుండా మీ ఇంటి కాగితాల ఫైల్‌లో పెట్టుకోండి.